మిర్చి బస్తాకు దొరికిన చల్లదనం

మే నెల. ఖమ్మంలో మధ్యాహ్నం రెండు గంటలంటే రోడ్డు మీద కుక్క కూడా కనిపించదు. అలాంటి టైములో మా బావ నన్ను బండి ఎక్కించుకుని ఊరి బయట ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీకి తీసుకుపోయాడు. ధర పెరుగుతుందేమోనని ఆయన తేజ మిర్చి బస్తాలు అక్కడ దాచుకున్నాడు. వాటిని ఓసారి చూసుకుందామని వచ్చాడు.

గేటు దాటేసరికే నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. లోపలి తలుపు తీసి అడుగుపెట్టామో లేదో, ఇంకో దేశానికి వచ్చినట్టయింది. మూడు నిమిషాల్లో చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. బస్తాలు చూసుకుని బయటికి వచ్చాక బావ నన్ను ఆపి, "ఆ గోడ మీద చెయ్యిపెట్టి చూడు" అన్నాడు. పెట్టాను. పెనం మీద పెట్టినట్టు చురుక్కుమంది. అదే గోడ లోపలివైపు మంచుగడ్డలా ఉంది. మందం చూస్తే నాలుగంగుళాలు, అంతే. ఇటుక లేదు, సిమెంటు లేదు. రెండు పల్చటి రంగు రేకుల మధ్య పసుపుపచ్చ నురగలాంటిది గట్టిపడి ఉంది.

"చూసినవా బామ్మర్దీ! నా మిర్చి బస్తాకున్న సుఖం ఇంట్లో మా అమ్మకు లేకపాయె" అన్నాడు బావ.

నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే పోయిన ఎండాకాలం ఏం జరిగిందో నాకు తెలుసు.

పొయ్యి లేకుండానే ఉడికే ఇల్లు

మా అక్కవాళ్లది బూర్గంపాడు మండలంలో గోదావరికి దగ్గరగా ఉన్న ఊరు. ఇరవై అయిదేళ్ల కిందట కట్టిన స్లాబు ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, ముందు వరండా. కట్టిన రోజుల్లో ఊళ్లో అందరూ వచ్చి చూసిపోయారట. ఇప్పుడు ఆ స్లాబే వాళ్లకు శత్రువైంది. పగలంతా ఎండ తాగుతుంది. పొద్దుగూకాక ఆ వేడినంతా లోపలికి కక్కుతుంది. రాత్రి పదింటికి మంచం మీద పడుకుని పైకి చెయ్యి చాపితే మొహానికి సెగ తగులుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడిగాలినే కిందికి తోస్తుంది.

పోయిన మే నెలలో మా అక్క అత్తగారు, నేను అత్తమ్మ అని పిలిచే ఆవిడ, రాత్రిపూట నీళ్లకోసం లేచి వంటింటి గడప దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. డెబ్బై దాటిన మనిషి. సెలైన్ పెట్టించి, రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచి తెచ్చుకున్నారు. "ఎండలో తిరగనియ్యకండి" అన్నాడట డాక్టరు. ఆవిడ తిరిగిందెక్కడ? ఇంట్లోనే కదా ఉంది!

దానికి తోడు గోదావరి భయం ఒకటి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నది 71.3 అడుగులకు వచ్చినప్పుడు వీళ్ల ఇంట్లో నడుం లోతు నీళ్లు నిలిచాయి. సామానంతా మేడ మీదికి చేరవేసి, పైన టార్పాలిన్ కట్టుకుని ఒక రాత్రంతా వానలోనే గడిపి, తెల్లారి పడవలో బయటపడ్డారు. అప్పటి నుంచి బావకు ఒకటే పట్టుదల. మేడ మీద ఒక గది ఉండాలి. ఎండాకాలం అమ్మ పడుకోవాలి, వరదొస్తే ఇల్లంతా అక్కడికి చేరాలి.

కానీ ఎట్లాంటి గది? సిమెంటు రేకుల షెడ్డు వేద్దామంటే అది ఇంకో పొయ్యి. ఇటుకతో కట్టి స్లాబు పోద్దామంటే మేస్త్రి ఒప్పుకోలేదు. నల్లరేగడి నేల, అప్పటి పునాది, ఇప్పటికే గోడకు రెండు చోట్ల బీట. "ఇంకో అంతస్తు బరువు మొయ్యదన్నా" అని మొహం మీదే చెప్పాడు. ఆ దిగులులో ఉండగా కోల్డ్ స్టోరేజీ గోడ బావ కంటపడింది. అందుకే, మర్నాడు పొద్దున ఖమ్మం నుంచి వాళ్ల ఊరికి బయల్దేరినప్పుడు, దారి పొడవునా ఇట్లాంటి గదులు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగి చూద్దామని ఇద్దరం అనుకున్నాం.

కొత్తగూడెం దారిలో

ఖమ్మం నుంచి భద్రాచలానికి కొత్తగూడెం మీదుగా దాదాపు 120 కిలోమీటర్లు. కొణిజర్ల, ఏన్కూరు, జూలూరుపాడు... పొలాలు తగ్గుతూ, చెట్లు పెరుగుతూ ఉంటాయి. సుజాతనగర్ దాటి కొత్తగూడెంలోకి వస్తే బొగ్గు లారీలు ఎదురవుతాయి. ఈ ప్రాంతంలో 1889లో ఇల్లందు దగ్గర మొదలైన బొగ్గు తవ్వకం కొత్తగూడేన్ని సింగరేణికి కేంద్రంగా నిలబెట్టింది. ఎండాకాలం టీవీల్లో 'రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత' అని వచ్చే ఊళ్ల పేర్లలో కొత్తగూడెం, భద్రాచలం ఎప్పుడూ ఉంటాయి.

ఊరి బయట రోడ్డు పని జరుగుతున్న చోట కాంట్రాక్టరు పెట్టుకున్న ఒక క్యాబిన్ కనిపించింది. తెల్లటి డబ్బా, ఒక తలుపు, చిన్న కిటికీ. లోపల వాచ్‌మన్ ఉన్నాడు. బావ పలకరించి, "చల్లగ ఉంటదా అన్నా?" అని అడిగాడు.

"పదకొండు దాకా బానే ఉంటదండి. తర్వాత కరెంటు పోయిందంటే మాత్రం లోపల ఉండలేం. చెట్టుకింద కూర్చుంటం" అన్నాడతను.

బావ మొహం చిన్నబోయింది. నేను లోపలికి వెళ్లి చూశాను. తలుపు చట్రం దగ్గర ప్యానెల్ అంచు ఊడి ఉంది. లోపల పసుపు నురగ కాదు, తెల్లటి థర్మాకోల్ గుండ్లు. మందం అంగుళం పైన కొంచెం. కప్పు మీద ఎండకు నీడంటూ లేదు. గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోయే దారి లేదు. లోపల ఒక మనిషి, ఒక టీ పొయ్యి, ఒక టీవీ. వాటి వేడి ఎటు పోతుంది?

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. ప్యానెల్ అనేది చల్లదనాన్ని పుట్టించదు. వేడి అటూ ఇటూ పోకుండా ఆపుతుంది, అంతే. ఫ్లాస్కులాంటిది. చల్లనీళ్లు పోస్తే చల్లగా ఉంచుతుంది, వేడి టీ పోస్తే వేడిగా ఉంచుతుంది. కోల్డ్ స్టోరేజీలో చలి పుట్టించే మిషను వేరే ఉంది. మిషను లేని గదిలో, లోపల పుట్టిన వేడి బయటికి పోయే దారి మనమే చూపాలి. ఎదురెదురుగా కిటికీలు, పైన గాలి పోయే సందు లేకపోతే పగలు ఆపిన వేడికన్నా లోపల పోగైన వేడే ఎక్కువవుతుంది.

పాల్వంచ దగ్గర టీ తాగడానికి ఆగాం. ఒకప్పుడు ఇక్కడ ఎటు చూసినా కరెంటు ప్లాంటు కూలింగ్ టవర్లే. పాత ప్లాంటు టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో కూల్చేశారు. కొత్త యూనిట్లు నడుస్తూనే ఉన్నాయి. బొగ్గు కాలిన బూడిదతో చేసే ఇటుకలు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పోతాయి. తమాషా ఏమిటంటే, ఇక్కడ బొగ్గు కాల్చి కరెంటు తీస్తాం, మిగిలిన బూడిదతో ఇళ్లు కడతాం, ఆ ఇళ్లు ఉడుకుతుంటే ఏసీలకు మళ్లీ అదే కరెంటు వాడతాం.

ఏసీ మాట వచ్చింది గనక మా అక్క లెక్క చెబుతాను. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు లేదు. ఒక్క యూనిట్ దాటినా ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. ఒక టన్ను ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ తాగుతుంది. రాత్రికి ఏడు గంటలు వేస్తే నెలకు అదొక్కటే 200 దాటుతుంది. "ఏసీ కొనుడు ఒకసారే. బిల్లు నెలనెలా" అంటుంది అక్క. వేడి లోపలికి రాకుండా ఆపడం ఆమెకు పర్యావరణం కబురు కాదు. నెలనెలా ఇంటి ఖర్చు.

అడవిలో జానెడు కప్పు

పాల్వంచ దాటి, పెద్దమ్మ తల్లి గుడి దగ్గర దండం పెట్టుకుని ముందుకు పోతే రోడ్డుకు రెండు వైపులా అడవి దగ్గరికి వస్తుంది. టేకు, మద్ది, ఇప్ప, తునికి. మే నెల కదా, తునికాకు కోసే కాలం. కళ్లాల్లో ఆకు కట్టలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉన్న ఒక కోయ గూడెంలో బావకు తెలిసిన తాత ఒకాయన ఉన్నాడు. వాళ్లింటి దగ్గర ఆగాం.

ఇంటి చూరు ఎంత కిందికి ఉందంటే నడుం వంచితే తప్ప లోపలికి పోలేం. వెదురు తడిక గోడకు రెండు వైపులా మట్టి మెత్తి అలికారు. పైన దట్టంగా కప్పిన గడ్డి. బయట నా ఫోన్ 43 డిగ్రీలు చూపిస్తోంది. లోపల ఫ్యాను లేదు. తాత నులకమంచం మీద కూర్చుని మాకు నీళ్లు ఇచ్చాడు. ఆ చీకటి, ఆ మట్టి వాసన, ఆ చల్లదనం. బావ ఏమీ మాట్లాడకుండా కప్పు వైపే చూస్తూ కూర్చున్నాడు.

లెక్కల్లో చూస్తే అక్కడ మాయ ఏమీ లేదు. వేడిని ఆపేది గట్టిదనం కాదు. లోపల ఇరుక్కున్న గాలి. గడ్డిలో ప్రతి పుల్లా ఒక చిన్న గొట్టమే. దాని నిండా కదలని గాలి. పఫ్ అని మనవాళ్లు పిలిచే పాలీయురిథేన్ నురగలోనూ ఉన్నది అదే, కంటికి కనపడనంత చిన్న బుడగలు. రెండంగుళాల పఫ్ ప్యానెల్ ఆపేంత వేడిని ఇటుకతో ఆపాలంటే ఆ గోడ నాలుగైదు అడుగుల మందం ఉండాలి. థర్మాకోల్ అయితే అదే మందానికి పఫ్ కంటే కొంత తక్కువ. జానెడు మందాన దట్టంగా కప్పిన గడ్డి మాత్రం రెండంగుళాల పఫ్‌కు ఏమీ తీసిపోదు. మరి కాంక్రీటు? ఇటుక కన్నా రెండింతలు తొందరగా వేడిని దాటేస్తుంది. గడ్డికప్పు పీకేసి స్లాబు పోసినప్పుడు మనం గట్టి ఇల్లు సంపాదించుకున్నాం, రాత్రి నిద్ర పోగొట్టుకున్నాం.

అలాగని గుడిసె మేలని చెప్పి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ఆ మాటే నేను తాతతో అంటే ఆయన నవ్వాడు. "రెండు మూడేళ్లకోసారి గడ్డి తెచ్చి కప్పాలె. ఇప్పుడు గడ్డి ఏడుంది? కప్పేటోడు ఏడున్నడు? నిప్పురవ్వ పడితే బూడిదే. వానకాలం పాములు. మా మనవడు స్లాబిల్లు కావాలంటండు. ఆడి మాటా నిజమే గదా" అన్నాడు. 2024 మార్చి 11న ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మొదలుపెట్టింది ఈ భద్రాచలంలోనే. ఇంటికి అయిదు లక్షలు, పని జరిగినకొద్దీ దశలవారీగా. తాత మనవడు కూడా అర్జీ పెట్టుకున్నాడు. ఆ డబ్బుతో వచ్చే స్లాబు కింద తాత పడుకోగలడా అన్నదే నా దిగులు.

గోడలు మోసుకొచ్చిన బడి

అడవిలో ఈ ప్యానెళ్లకు ఇంకో అవసరం కూడా ఉంది. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో గొడవలకు తట్టుకోలేక గుత్తికోయ కుటుంబాలు చాలా సరిహద్దు దాటి ఈవైపు అడవుల్లో గూడేలు వేసుకున్నాయి. అడవి భూమిలో పక్కా కట్టడానికి అనుమతి దొరకడం కష్టం. అటవీ హక్కుల చట్టంలో బడికీ ఆస్పత్రికీ హెక్టారు లోపు భూమి ఇచ్చే వీలుంది. దానికి గ్రామసభ తీర్మానం కావాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. ఆ కాగితాలు కదిలేలోపు పిల్లలు పెద్దవాళ్లయిపోతారు.

పక్కనున్న ములుగు జిల్లాలో దీనికి ఒక దారి వెతికారు. కన్నాయిగూడెం మండలం బంగారుపల్లిలో పిల్లలు గుడిసెలో చదువుకునేవాళ్లు. పక్కా బడి కట్టడానికి అడవి నిబంధనలు అడ్డొచ్చాయి. బయట తయారైన కంటైనర్ బడిని తెచ్చి పెట్టారు. 2024 సెప్టెంబరులో మంత్రి సీతక్క దాన్ని ప్రారంభించారు. తాడ్వాయి మండలం పోచాపూర్‌లో ఇదే పద్ధతిలో ఆస్పత్రి వచ్చింది. పునాది తవ్వక్కర్లేదు, చెట్టు కొట్టక్కర్లేదు, కావాలంటే లేపి ఇంకోచోట పెట్టొచ్చు.

సరిహద్దుకు అటువైపు సుక్మా, బీజాపూర్ జిల్లాల్లో ఇంకా ముందే, 2011 ప్రాంతంలోనే ఇలాంటివి వచ్చాయి. పక్కా బడులను మావోయిస్టులు పేల్చేస్తుంటే, వెదురు, ప్లైవుడ్‌తో హాస్టలు బడులు కట్టారు. పోర్టా క్యాబిన్ అన్న మాట అక్కడివాళ్ల నోట్లో 'పోటా క్యాబిన్' అయింది. వేలమంది ఆదివాసీ పిల్లలకు అవే చదువు నేర్పాయి. కానీ 2024 మార్చిలో బీజాపూర్ జిల్లా ఆవపల్లి ప్రాంతంలోని ఒక పోటా క్యాబిన్‌కు రాత్రిపూట మంటలు అంటుకుని నాలుగేళ్ల పాప చనిపోయింది.

ఆ బడులు వెదురువి, మనం మాట్లాడుతున్నవి రేకు ప్యానెళ్లు. రెండూ ఒకటి కావు. కానీ పాఠం మాత్రం ఒకటే. తేలికగా, తొందరగా లేచే ఇంట్లో నిప్పు సంగతి ముందే ఆలోచించాలి. పఫ్ అయినా థర్మాకోల్ అయినా అది ప్లాస్టిక్ జాతే. రేకు కప్పి ఉన్నంతసేపు తొందరగా అంటుకోదు. అంచు తెరిచి ఉండి, వైరు కాలి, మంట లోపలికి పోయిందంటే విషపు పొగ కమ్ముతుంది. మంట నెమ్మదించే రకం అంటే 'ఎఫ్ఆర్ గ్రేడ్' అడిగి తీసుకోవాలి. వంటగదికి, పిల్లలు పడుకునే హాస్టళ్లకు రాక్‌వూల్ నింపిన ప్యానెలే మేలు. అది రాతిని కరిగించి దూదిలా తీసింది, కాలదు. చల్లదనం పఫ్ కన్నా కొంచెం తక్కువ, బరువు ఎక్కువ, తడిస్తే పనికిరాదు. ఏదైనా సరే, పడుకునే గదికి బయటికి పోయే దారులు రెండుండాలి.

అత్తమ్మ అడిగిన ప్రశ్న

సాయంత్రం సారపాక దాటి బ్రిడ్జి మీదికి వెళ్లాం. భద్రాద్రి రాముణ్ని చూసుకుని, కరకట్ట మీద కాసేపు కూర్చున్నాం. వేసవి గోదావరి సన్నగా, ఇసుక తిన్నెల మధ్య అమాయకంగా ఉంది. ఇదే నది 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు వచ్చింది. ఈ ఒడ్డున ఇల్లు కట్టేవాడు నెత్తిమీది ఎండనూ, కాళ్ల కిందికి వచ్చే నీళ్లనూ రెండింటినీ లెక్క చూసుకోవాలి.

చీకటిపడ్డాక ఇల్లు చేరాం. బావ కోల్డ్ స్టోరేజీ వాళ్లను అడిగి తెచ్చుకున్న అరచేతి మందం పఫ్ ముక్క ఒకటి సంచిలోంచి తీసి వాళ్లమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత తేలికనా? గాలొస్తే ఎగిరిపోదూ?" అంది.

మంచి ప్రశ్నే. రెండంగుళాల పఫ్ ప్యానెల్ చదరపు అడుగుకు సుమారు కిలో బరువు. అదే తొమ్మిదంగుళాల ఇటుక గోడ 40 కిలోలు, అయిదంగుళాల స్లాబు దాదాపు 30 కిలోలు. పాత పునాదికి అందుకే ఇది వరం. కానీ మే నెల గాలిదుమారానికి తేలిక కప్పే మొదటి ఎర. గాలి దాన్ని కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. అందుకని ఇనుప చట్రాన్ని స్లాబు పూతకు మేకులు కొట్టి సరిపెట్టకుండా, కింది దూలాల్లోకి, స్తంభాల్లోకి బోల్టులు దింపి బిగించాలి. బావ ఈ మాటలన్నీ వాళ్లమ్మకు చెప్పి, మేడ మీద గది ఎక్కడ వస్తుందో, తలుపు ఎటు పెడతారో, మంచం ఎక్కడ వేస్తారో వివరించాడు. ఆవిడ అంతా విన్నది.

"బానే ఉంది నాయనా. మరి మెట్లెక్కి పైన పడుకునేదెవరు? నా మోకాళ్లు చూసినవా?" అంది.

ఎవరం మాట్లాడలేదు. సంవత్సరం నుంచి బావ కలగన్న గది, అమ్మ కోసం అనుకున్న గది, ఆ అమ్మ ఎక్కలేని చోట ఉంది! మూడు జిల్లాల సంగతులు మాట్లాడుకున్న మా ఇద్దరికీ ఆ మెట్లు గుర్తుకు రాలేదు.

ఆ రాత్రి వరండాలో పడుకుని మాట్లాడుకుంటుంటే అక్కే అంది: "స్లాబుకు ఎండ తగలకుంటే కింద గది చల్లగనే ఉంటది గదా? గది కాదు, గొడుగు పట్టండి."

అంతే. మొత్తం ఆలోచన తలకిందులైంది. మేడ మీద ప్యానెల్ గది కాదు, మేడ మొత్తానికీ ప్యానెల్ కప్పు. స్లాబుకు ఏడెనిమిది అడుగుల ఎత్తున, నాలుగు వైపులా రెండేసి అడుగులు చూరు బయటికి వచ్చేలా. ఒక మూల మాత్రం నాలుగు గోడల చిన్న గది, వరదొస్తే సామానుకూ మనుషులకూ. మిగతాదంతా తెరిచి, గాలి ఆడేలా. ఎండ కప్పు మీదే ఆగిపోతుంది. స్లాబు నీడలో ఉంటుంది. అత్తమ్మ తన మంచం మీదే పడుకుంటుంది.

పనిలో తెలిసినవి

జూన్‌లో వానలు పడకముందే పని అయిపోయింది. ప్యానెళ్లు లారీలో వచ్చాయి. ఇనుప చట్రం వెల్డింగుకు నాలుగు రోజులు, ప్యానెళ్లు ఎక్కించి బిగించడానికి రెండు రోజులు. నీళ్ల క్యూరింగ్ లేదు, ఇసుక లేదు, సెంట్రింగ్ లేదు. కానీ చిన్న చిన్న తప్పులు కొన్ని జరిగాయి. మీలో ఎవరైనా ఈ పని తలపెడితే పనికొస్తాయని చెబుతున్నాను.

మొదటిది అతుకులు. రెండు ప్యానెళ్లు కలిసే చోట సరిగా బిగించకపోతే వాన నీళ్లు అక్కడే దిగుతాయి. మొదటి వానకే ఒకచోట కారింది. స్క్రూ కింద రబ్బరు వాషరు లేకపోవడమే కారణం. రెండోది అంచులు. కోసిన చోట నురగ బయటికి కనపడుతుంటే చీమలు, ఎలుకలు గూడు పెడతాయి, నిప్పుకూ అదే దారి. ప్రతి అంచుకూ రేకు మడత వేయించాలి. మూడోది వైరు. ప్యానెల్ లోపలి నుంచి వైరు లాగొద్దు, పైపులో పెట్టి బయట నుంచే తీసుకోవాలి. నాలుగోది రంగు. కప్పు పైన తెలుపే ఉండాలి. నీలం, ఎరుపు అందంగా ఉంటాయి గానీ ఎండను పిలిచి కూర్చోబెడతాయి. కొనేటప్పుడు మూడు మాటలు అడగండి: లోపల ఉన్నది పఫ్ ఆ, థర్మాకోలా? మందం ఎంత, రేకు మందం ఎంత? ఎఫ్ఆర్ గ్రేడ్ కాగితం ఉందా? ముక్క కోసి చూపించమంటే చూపించని చోట కొనొద్దు.

ఇంకోమాట. అందరికీ ఇంత ఖర్చు అక్కర్లేదు. స్లాబు మీద తెల్ల సున్నమో, చలువ రంగో వేయించినా తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ సారం కూడా అదే, కప్పు ఎండను మింగకుండా వెనక్కి కొట్టాలని. ముందు సున్నం వేసి ఒక వేసవి చూడండి. చాలకపోతే గొడుగు సంగతి ఆలోచించండి. తాత మనవడికి కూడా నేను ఇదే చెప్పాను. స్లాబు పోసుకో, కానీ దాని నెత్తి మీద తెలుపు మర్చిపోకు, చుట్టూ చూరు మర్చిపోకు, గదికి ఎదురెదురు కిటికీలు మర్చిపోకు అని.

ఈ మే నెలలో

మొన్న మళ్లీ వెళ్లాను. అదే మే, అదే ఎండ. మేడ ఎక్కి చెప్పుల్లేకుండా స్లాబు మీద నడిచాను. పోయినేడు ఆ పని చేస్తే అరికాళ్లు బొబ్బలెక్కేవి. కప్పు కింద బావ కొత్త పంట మిర్చి బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. మూల గదిలో బియ్యం డ్రమ్ము, టార్పాలిన్, పాత లైఫ్ జాకెట్టు ఒకటి. దానికి మాత్రం ఇప్పటిదాకా పని పడలేదు, పడకూడదనే కోరుకుంటున్నాం.

రాత్రి పదింటికి కింద గదిలో అత్తమ్మ మంచం మీద కూర్చుని పైకి చెయ్యి చాపి చూశాను. సెగ లేదు. కోల్డ్ స్టోరేజీలా చల్లగా ఉందని చెప్పను. ఉక్క ఉంది, ఫ్యాను తిరుగుతోంది. కానీ అది గాలే, సెగ కాదు. ఏసీ కొనలేదు. అక్క కరెంటు బిల్లు 200 దాటలేదు.

"ఎట్లుంది అత్తమ్మా?" అన్నాను.

"పొద్దున నాలుగింటికి దుప్పటి వెతుక్కున్న నాయనా" అందావిడ. తర్వాత పైకి చూసి, "వాడి మిర్చి మీద కూడా ఎండ పడట్లే. అందుకే నన్ను కూడా కాపాడిండు" అని నవ్వింది.

పక్క గదిలోంచి బావ ఏమీ అనలేదు. విన్నాడో, నిద్రపోయాడో. నిద్రపోయాడనే అనుకుంటున్నాను. ఆ ఇంట్లో మే నెలలో పదింటికల్లా అందరూ నిద్రపోవడం నేను చూసింది అదే మొదటిసారి.